నీళ్ల గ్లాసు మీద గాజు బిళ్ల

“ఆ నీళ్ల మీద మూత పెట్టవే.”

“అది మూత కాదయ్యా బాబూ. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

మా ఆయనకీ నాకూ మధ్య ఆఖరి మాటలు ఇవే. ఇలాగే రాయి అమ్మాయ్, సర్దకు. బళ్లో పిల్లల నోటుబుక్కులు దిద్దీ దిద్దీ నీకు సర్దడం అలవాటు.

రాస్తున్నది మా ఆడపడుచు. ఆయనకి ఒక్కతే చెల్లెలు. హనుమాన్ జంక్షన్‌లో పంతులమ్మగా చేసి రిటైరయింది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతున్నాను, తను రాస్తోంది. ఆయన పోయినప్పుడు వచ్చిన ప్రతివాళ్లూ నన్ను ఒకటే అడిగారు, ఆఖరికి ఏమన్నాడమ్మా అని. మూత గురించి అన్నాడని చెబితే ఏం బాగుంటుంది? ఏమీ అనలేదండీ అన్నాను. తనకీ అదే చెప్పాను. మొన్న సంవత్సరీకానికి వచ్చి మళ్లీ అదే అడిగింది. ఇంక దాచే ఓపిక నాకు లేదు. కాగితం తెచ్చుకో, రాసుకో అన్నాను.

ఆయన గాజు కోసే మనిషి. కిటికీ అద్దాలు, ఫొటోల అద్దాలు కోసే షాపులో ముప్పై ఏళ్ల పైన నిలబడి చేశాడు. మోకాళ్లు పట్టేశాక మానేశాడు. పటమటలో ఒక మేడం గారు గాజుతో గిఫ్టు సామాను చేయిస్తారు. వాళ్ల ఇంటి వెనక పోర్షను మాకిచ్చి, పక్కనే రేకుల షెడ్డులో పని పెట్టారు. ఆయన కొయ్యాలి, నేను పేర్చాలి. చేసేది కోస్టర్లు. కాఫీ కప్పు కిందా చల్లటి గ్లాసు కిందా పెట్టుకునే బిళ్లలన్నమాట. నాలుగంగుళాల గాజు పలకలు రెండు తీసుకుని, మధ్యలో రాగి రేకు ముక్కలు పేర్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి కరెంటు బట్టీలో పెడతాం. లోపల రెండూ కరిగి ఒక్కటవుతాయి. చెయ్యి తెగే అంచులు కూడా అరిగిన సబ్బు బిళ్లలా నున్నగా అయిపోతాయి.

బట్టీ కాలడం ఒక ఎత్తు, చల్లారడం ఒక ఎత్తు. మర్నాటి దాకా తలుపు ముట్టుకోకూడదు. తొందరపడి తెరిచామా, గాలి తగిలి లోపల టప్పుమంటుంది, పడిన పాటంతా పోతుంది. ఆయనకి ఆగడం చేతకాదు. బట్టీ చుట్టూ తిరుగుతూనే ఉండేవాడు.

“ఉడికిందంటావా?”

“అన్నమా ఏంటి ఉడకడానికి? పోయి కూర్చో.”

“కూర్చుంటే లేవలేనే, మోకాళ్లు.”

“అయితే నిలబడు. ఆ తలుపు మీద మాత్రం చెయ్యెయ్యకు.”

మా బిళ్లలు ఎక్కువగా గృహప్రవేశాలకి పోయేవి. వచ్చినవాళ్లకి తాంబూలంతో పాటు రిటర్న్ గిఫ్టుగా ఇస్తారు. అవెందుకో తీసుకున్నవాళ్లలో సగం మందికి తెలీదు. ఒకావిడ మేడం గారికి ఫోన్ చేసి, “బావున్నాయి గానీ, చట్నీ వేస్తే పక్కకి పోతోందండీ” అందట. ఇంకొకళ్లు కుంకుమ పోసి దేవుడి ముందు పెట్టారు. ఇదిగో, ఈ రాసే మనిషి తన ఆరింటినీ అద్దాల బీరువాలో నిలబెట్టింది. ఇప్పటిదాకా ఒక్కదాని మీదా కప్పు పెట్టలేదు.

మా ఆయన మాత్రం వాటిని గ్లాసు మీద మూతగా పెట్టేవాడు. పనికిరాని బిళ్లలు ఇంట్లో ఎప్పుడూ రెండు మూడు ఉండేవి. నీళ్లు తాగడం, మిగిలిన నీళ్ల మీద బిళ్ల బోర్లించడం. మేడం గారు చూస్తే నవ్వుతారని నాకు చిన్నతనంగా ఉండేది.

“కింద పెట్టాలయ్యా అది.”

“ఈగలు కిందనుంచి వస్తాయా, పైనుంచి వస్తాయా?”

“ఈగలకి కాదు. గ్లాసు చెమటకి బల్ల పాడవుద్దంట.”

“మనకి బల్లేదే?”

నిజమే, మా ఇంట్లో బల్ల లేదు. గ్లాసు నేల మీద పెట్టుకునేవాళ్లం. అయినా నేను ఊరుకోలేదు. రోజుకోసారి ఆయన మూత పెట్టడం, నేను తీసి కింద పెట్టడం, ఆయన మళ్లీ పైన పెట్టడం. ఇన్నేళ్ల కాపురంలో మేం పోట్లాడుకున్న పెద్ద విషయాలేవీ ఇప్పుడు గుర్తు లేవు, ఇదొక్కటే గుర్తుంది.

ఇప్పుడు గాజు కోసే సంగతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. గాజుని కత్తితో కూర కోసినట్టు కొయ్యరు. చిన్న చక్రం ఉన్న కట్టరుని కిరసనాయిల్లో ముంచి, పైన ఒక్క గీత గీస్తారు. పట్టుబట్ట చింపినట్టు చప్పుడొస్తే గీత బాగా పడినట్టు. తర్వాత రెండు బొటనవేళ్లు గీతకి అటూ ఇటూ ఆనించి వంచితే, గీత వెంబడి టక్కున విరుగుతుంది. కానీ గీసిన వెంటనే విరవాలి. పక్కన పెట్టి రోజులు గడిపితే గీత పాతబడిపోతుంది, అప్పుడు విరిస్తే గాజు తన ఇష్టం వచ్చినట్టు పోతుంది. “ఆగితే గాజు మర్చిపోద్దే” అనేవాడు ఆయన. మిగతా అన్నిటికీ తొందరపడే మనిషి, ఆ పనికి దేవుడు సరిగ్గానే కుదిర్చాడు.

ఆ రోజు ఎండలు ముదిరి ఉన్నాయి. పొద్దున తొమ్మిదికే షెడ్డు పెనంలా కాలుతోంది. ఒక ఆర్డరుకి కింది పలకలన్నీ కోసేశాడు, పైవి ఆరు తక్కువ పడ్డాయి. ఆయన రెండడుగుల పొడుగు గాజు బద్ద ఒకటి షెడ్డులో కోత బల్ల మీద పరిచి ఐదు గీతలు గీశాడు. ఐదు చప్పుళ్లూ విన్నాను. పక్కన పలకలు కడుగుతున్నాను కదా. విరిస్తే ఆరు ముక్కలు. విరవలేదు. “దాహంగా ఉంది, నీళ్లు తాగొస్తా” అని కట్టరు కింద పెట్టి ఇంట్లోకి పోయాడు. అలా ఎప్పుడూ పోడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

పాత గుడ్డ కోసం నేనూ లోపలికి వెళ్లాను. చాప మీద పడుకుని ఉన్నాడు, పక్కన సగం తాగిన గ్లాసు. ఆ నీళ్ల మీద మూత పెట్టవే అన్నాడు. నేనన్నది పైన చెప్పాను. మూతా పెట్టలేదు, కిందా పెట్టలేదు, గుడ్డ తీసుకుని వచ్చేశాను. మిగిలిన పలకలు కడిగి తుడిచి మళ్లీ వెళ్లేసరికి మనిషి లేడు. గ్లాసులో నీళ్లు అలాగే ఉన్నాయి.

తర్వాత అందరూ వచ్చారు. నన్ను మూల కూర్చోబెట్టారు. పదకొండో రోజు పెద్ద కర్మ అయ్యేదాకా గడప దాటకూడదు, ఏదీ ముట్టుకోకూడదు. నేను ఏడుస్తున్నానని వాళ్లనుకున్నారు. ఏడుస్తూనే ఉన్నాను గానీ, లోపల ఒకటే లెక్క. ఈ రోజుకి రెండు రోజులయింది ఆ గీతలు గీసి. ఈ రోజుకి మూడు.

మూడో రోజు ఉండబట్టలేక అడిగాను. “అమ్మాయ్, ఒక్కసారి షెడ్డులోకి వెళ్లొస్తానే. ఒక బద్ద విరవాలి.”

“పనా వదినా? అన్నయ్య పోయి మూడ్రోజులు కాలేదు!”

“పని కాదే, అది ఆయన...”

“నలుగురూ ఏమనుకుంటారు వదినా? పదకొండు దాటనివ్వు.”

మేడం గారు కూడా గుమ్మం దగ్గర నిలబడి, “ఆర్డరు గురించి బెంగపడకమ్మా, వాళ్లకి చెప్పాను, ఆగుతారు” అన్నారు. ఆవిడ మంచితనానికి దణ్ణం పెట్టాను. వాళ్లు ఆగుతారు. గాజు ఆగదు కదా. ఆయన చేతి పని లోకంలో ఇంక మిగిలింది ఆ ఐదు గీతలే. అవి పాడవుతున్నాయి, నేను చూస్తూ కూర్చున్నాను.

పెన్ను ఆపేసింది. “అప్పుడే చెప్పొచ్చు కదా వదినా, నేనే పంపించేదాన్ని” అంటోంది. ఏమని చెప్పను? గాజు మర్చిపోతుంది, నన్ను పోనివ్వండి అంటే, దుఃఖంలో మతి పోయింది దీనికి అనేవాళ్లు. నీ తప్పేం లేదు. రాయి.

పన్నెండో రోజు పొద్దున చుట్టాలు బస్సులెక్కాక షెడ్డు తలుపు తీశాను. బద్ద అలాగే ఉంది, మీద దుమ్ము. తుడిస్తే గీతలు కనబడ్డాయి, వెంట్రుకల్లాగా. కట్టరు ఆయన పెట్టిన చోటే ఉంది. గీతల మీద కాస్త కిరసనాయిలు రాశాను, పనికొస్తుందో లేదో తెలియకుండానే. విరవడం నా పని కాదు, ఎప్పుడో సరదాకి చేశానంతే. మొదటి గీతకి వేళ్లు ఆనించి, ఊపిరి బిగబట్టి వంచాను. టక్. తిన్నగా వచ్చింది. రెండోదీ వచ్చింది. మూడోదీ వచ్చింది. అప్పుడు కూర్చున్నాను. కాసేపాగి లేచి నాలుగోది వంచాను, వచ్చింది. ఇంక ఒకటే ఉంది, ఆయన ఆఖరున గీసింది. సగం దాకా గీత వెంబడే వచ్చి, అక్కడ మర్చిపోయింది. పక్కకి తిరిగి వంకరగా పోయింది. ఒక ముక్కకి మూల లేదు. రెండో ముక్కకి ఆ మూల నాలుకలా పొడుచుకొచ్చింది.

బాగా వచ్చిన నాలుగూ ఆర్డరులోకి వెళ్లిపోయాయి. ఎవరింట్లో ఉన్నాయో, చట్నీ వేసుకుంటున్నారో. మూల లేనిది ముట్టుకుంటే ఇంకా చిట్లింది, పారేశాను. నాలుక ఉన్నదాన్ని పారెయ్యలేక, కింద ఒక పలక వేసి, మధ్యలో రాగి రేకు పెట్టి బట్టీలో పెట్టాను. మర్నాటి దాకా ఆగాను. “ఉడికిందా” అని అడిగేవాళ్లు లేరు. షెడ్డులో ఆయన తిరిగే చప్పుడు లేక, చెయ్యి ఊరుకోక, నేనే ఒకసారి తలుపు దాకా పోయి వెనక్కొచ్చాను.

తీసి చూస్తే బిళ్ల అతుక్కుంది. నాలుక కింద పలక ఆధారం లేక వేడికి కిందికి వాలిపోయింది. నేల మీద పెట్టి చూశాను, గ్లాసు కిందకి బాగానే ఉంది. తిరగేసి గ్లాసు మీద బోర్లించాను. నాలుక పైకి వచ్చింది, దాని కింద వేలు దూరేంత సందు. పట్టుకుని ఎత్తడానికి చేసిపెట్టినట్టుంది. మూతే అది. ఎలా చూసినా మూతే.

ఏడాదిగా నా నీళ్ల మీద అదే ఉంటోంది. పెట్టినప్పుడల్లా అది మూత కాదయ్యా అన్న మాట నోటి దాకా వస్తుంది, అనిపించుకునే మనిషి లేడు. ఓపిక లేదు అమ్మాయ్. పని చేస్తున్నాను, తింటున్నాను, అన్నీ చేస్తున్నాను, కానీ ఒక్కోసారి ఆ గ్లాసు ఎత్తడానికి కూడా చెయ్యి బరువుగా ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం నువ్వు నీళ్లు తాగి, ఎవరూ చెప్పకుండానే, ఆ బిళ్ల గ్లాసు మీద బోర్లించావు. నేనేమీ అనలేదు, చూశావా.

చాలు ఇంక, నోరెండిపోయింది. ఏదీ, మొదట్నుంచీ ఒకసారి చదివి వినిపించు. ఆయన మాట మెల్లగా చదువు. నా మాట నేనన్నట్టే, విసుగ్గానే చదువు.