దొరసాని టీచరు బయటికి వెళ్ళిన పరీక్ష

నా చిన్నప్పుడు నంద్యాలలో మా బడికి ఇంగ్లీషు చెప్పడానికి ఇంగ్లండు నుంచి ఒక దొరసాని టీచరు వచ్చింది. ఆమె తెలుగు అచ్చం పుస్తకంలోదిలా ఉండేది. బెంచీలో నా పక్కన ఆళ్ళగడ్డ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నా జతగత్తె కూర్చునేది. ఈసారి పరీక్ష తప్పితే బడి మాన్పించి పత్తిచేనికి పంపుతానని వాళ్ళ నాయన తేల్చి చెప్పేశాడు. దాన్ని గట్టెక్కించే భారం నాదేనని నేను ఎప్పుడో తీర్మానించుకున్నాను.

పరీక్ష రోజు టీచరు ప్రశ్నలు బోర్డు మీద రాసి, మీ మీద నాకు నమ్మకముందని చెప్పి బయటికి వెళ్ళిపోయింది. మా సంబరం చెప్పతరం కాదు! టీచరు బయటికి వెళ్ళిందంటే చూసి రాసుకోమనేగా అర్థం? అందరం ఒకచోట చేరి గలగలా మాట్లాడుకుంటూ రాసేశాం. ఆమె తిరిగి రాగానే నేనే లేచి గొప్పగా చెప్పాను: "అందరం కలిసి రాసినాం టీచర్, ఒక్కరు గూడా తప్పరు!"

ఆమె ముఖం కందగడ్డయింది. వాళ్ళ దేశంలో టీచరు లేకపోయినా ఎవరూ పక్కకు చూడరట. చూసినవాళ్ళకే కాదు, చూపించినవాళ్ళకూ సున్నాయేనట. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అడిగినా చూపీకపోతే అదేం జత టీచర్? దీన్ని బడి మాన్పిస్తాండారు!" అని ఏడుస్తూ అరిచాను.

 ఆమె మా కాగితాలన్నీ చించేసి, "మీ స్నేహం తప్పు కాదు, వేళ తప్పు" అంది. వచ్చే సోమవారం మళ్ళీ పరీక్ష. అంతవరకూ ఒకరికొకరు ఎంతైనా చెప్పుకోవచ్చు, గంట కొట్టాక మాత్రం ఎవరిది వాళ్ళే రాయాలి. ఆ వారమంతా నా జతగత్తెను హాస్టల్ మెట్ల మీద కూర్చోబెట్టి, పాఠాలు చెప్పి దాని ప్రాణం తోడేశాను.

సోమవారం టీచరు మళ్ళీ బయటికి వెళ్ళింది. నేను అన్నీ రాశాను గానీ ఒక్క రెండు మార్కుల ప్రశ్నకు ఎంత తల గోక్కున్నా జవాబు రాలేదు. మెల్లగా పక్కకు చూశాను. అది ఆ జవాబే చకచకా రాస్తోంది! నన్ను చూడగానే కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నీది నువ్వు రాసుకో మే" అంది.

నాకు కోపం రావాల్సింది. కానీ ఎగిరి గంతెయ్యాలనిపించింది. నేను నేర్పిందే, నాకు గుర్తు లేదు, దానికి వచ్చింది! అది పాసైంది, బడి మానలేదు.

పెద్దయ్యాక నేనూ టీచరునే అయ్యాను. పరీక్షకు ముందు పిల్లల్ని ఒకరికొకరు చెప్పుకోనిచ్చి, ఆపైన ధైర్యంగా బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఆ రోజు పోగొట్టుకున్న రెండు మార్కులు ఇచ్చినంత సంతోషం, ఆ తరువాత వచ్చిన ఏ మార్కులూ నాకు ఇవ్వలేదు.