కుళాయి దగ్గర అమ్మమ్మ

మా అమ్మమ్మ హైస్కూల్లో ఆయా. గదులు ఊడ్చేది, గంట కొట్టేది, మంచినీళ్ళు పట్టేది. వీటన్నిటికంటే పెద్ద ఉద్యోగం ఇంకొకటి ఉండేది. క్లాసులో ఎవరైనా కునికితే టీచర్లు వెనకవైపు కుళాయి దగ్గరికి పంపేవారు. అమ్మమ్మ వాళ్ళ తల వంచి నెత్తిన చెంబెడు నీళ్ళు గుమ్మరించి, "మత్తు వదిలిందా నాయనా?" అని అడిగి మరీ వదిలేది. సొంత మనవణ్ణని నాకేమీ మినహాయింపు లేదు, పైగా ఒక చెంబు ఎక్కువే. నేను తొమ్మిదో తరగతి దాటకపోవడానికి కారణం బుర్రలోకి చదువుకు బదులు నీళ్ళు పోవడమేనని ఆమెను ఏడిపించేవాణ్ణి.

ఆ తరగతికే ఒకరోజు ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ వచ్చింది. మనసుకు కూడా జబ్బు చేస్తుందని చెప్పింది. మేం ఒకరినొకరు చూపించుకుని కిసుక్కుమన్నాం. ఆమె విసుక్కోలేదు. నిద్ర పట్టకపోవడం, ఇష్టమైన ఆట కూడా వద్దనిపించడం, పక్క మీంచి లేవలేకపోవడం, ఇవి రోజుల తరబడి ఉంటే బద్ధకం అనుకోవద్దంది. పెద్దవాళ్ళలో నమ్మకమైన ఒకరికి చెప్పమంది. వైద్యం ఉందంది.

గుమ్మం దగ్గర చీపురు చప్పుడు ఆగింది.

"ఒక్క మాటమ్మా," అంది అమ్మమ్మ. "అలాంటి పిల్లాడి నెత్తిన నీళ్ళు పోస్తే?"

క్లాసంతా పకపకా నవ్వింది. అందరికంటే ముందు నేనే.

"మా చిన్నోడికి పోశాను," అంది.

చిన్నోడంటే మా చిన్న మామయ్య. నేను పుట్టకముందు ఇదే బడిలో పదో తరగతి చదివాడు. రోజూ బల్ల మీద తల వాల్చేస్తే, రోజూ కుళాయి దగ్గరికి పంపేవారట. పరీక్షలు రాకముందే తన ప్రాణం తానే తీసుకున్నాడు. మా ఇంట్లో గోడ మీద ఫొటో ఉంది గానీ, ఆ ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు.

"మీ తప్పేం లేదమ్మా, మీకు తెలియదు కదా," అంది డాక్టరమ్మ.

"తెలియకేం? వాడే చెప్పాడు. 'నిద్ర కాదమ్మా, లోపలంతా బరువుగా ఉంది, లేవబుద్ధి కావడం లేదు' అన్నాడు. ఈ చెవులతోనే విన్నాను. వేషాలేస్తున్నాడనుకుని ఇంకో చెంబు పోశాను."

డాక్టరమ్మ వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. అమ్మమ్మ, "పిల్లలకి చెప్పండమ్మా, టైమైపోతోంది," అని గంట కొట్టడానికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కావాలనే బురద కాళ్ళతో ఇల్లంతా తిరిగాను. అమ్మమ్మ తిట్టలేదు. తుడిచిన చోటే మళ్ళీ తొక్కాను. అయినా తిట్టలేదు.

"ఏంటే అమ్మమ్మా, నోరు బడిలో మర్చిపోయొచ్చావా?"

నా ఎదురుగా చతికిలబడి మొహంలోకి చూసింది. "నీకు రాత్రిళ్ళు నిద్ర పడుతోందారా?"

"మొద్దులా."

"నిజం చెప్పు. ఈసారి నమ్ముతాను."

నిజమే చెప్పానన్నాను. అయినా ఇంకా ఏదో చెబుతానేమోనని, అలాగే కూర్చుంది.