నేను తప్పు చెప్పిన జలాంతర్గామి పాఠం

కల్లూరులో ఒక రేకుల షెడ్డు కింద నేవీ, ఆర్మీ పరీక్షలకు కోచింగ్ ఇస్తారు. ఆడ నేను జనరల్ నాలెడ్జి చెప్తా. గ్రూపు పరీక్షలు రాసి రాసి, వయసు దాటిపోయి, ఈడ తేలినోణ్ణి. నా నోరు మంచిది కాదు. ఈ మాట నా పెండ్లాం చెప్తాది, నా పిల్లోళ్లు చెప్తారు, ఇప్పుడు నేనే చెప్తాండా. గట్టిగా అరవకుండా, ఎవురో ఒకర్ని ఎగతాళి చెయ్యకుండా నాకు పాఠం సాగదు. క్లాసంతా నవ్వుతాంటే నేనేదో గొప్పగా చెప్తాండానని అనుకునేటోణ్ణి. నవ్వించేదానికి రోజూ ఒకడు కావాల.

ఆ యేడు ఆ ఒకడు కోసిగి దిక్కు నుంచి వచ్చినాడు. ఇరవై యేండ్లు దాటినాయి వానికి. నేవీలో చేరేదానికి వయసు గీత ఉండాది కదా, వానికి ఆ పరీక్షే ఆఖరు. అది పోతే మళ్లా రాసేదానికి లేదు. వాళ్లమ్మ యేటా సుగ్గికి పోతాది, అంటే ఇంటికి తాళమేసి, లారీ ఎక్కి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసేదానికి. వాడూ పదేండ్ల నుంచి ఆమెతో పోయినోడే. ఆ యేడు మాత్రం లారీ ఎక్కకుండా కల్లూరులో రూములో ఉండి చదువుకుంటాండె. ఉద్యోగమొస్తే వాళ్లమ్మ ఇంక సుగ్గికి పొయ్యే పని లేదు. రాకుంటే వాడు కూడా జన్మంతా మూటలు మోసేదే. చేరిన రోజే ఈ సంగతంతా నాకు చెప్పినాడు. అంటే, నేను చేసిందంతా తెలిసే చేసినా.

డబ్బుల్ని దుడ్లు అంటాడు వాడు. ఆ పక్కోళ్లంతా అట్లే అంటారు, అందులో తప్పేముండాది? కానీ నాకు అదొక్కటి దొరికిందే చాలు. "ఏమప్పా దుడ్లూ, లెయ్యి, నువ్వు చెప్పు" అని రోజూ లేపేటోణ్ణి. వాడు లేచి, తల దించుకోని, మెల్లగా సరైన జవాబే చెప్పేటోడు. అది ఇంకా మంట నాకు.

పరీక్ష పది రోజులుందనంగా జలాంతర్గాముల రకాలు చెప్పినా. సముద్రం నేను చూసింది రెండే సార్లు, అదీ ఒడ్డున నిలబడి. ఎండాకాలం తుంగభద్రలో ఇసుక చూసి బతికేటోళ్లకు, నీళ్ల కింద నెలల తరబడి ఉండే పడవ గురించి నేను చెప్పల్ల. పాత గైడు చేతిలో పట్టుకోని బోర్డు మీద మూడు గళ్లు గీసినా. మొదటిది డీజిల్-ఎలక్ట్రిక్ రకం, మన కల్వరి, సింధుఘోష్ తరగతుల మాదిరివి. చిన్నగా ఉంటాయి, తీరానికి దగ్గర్లో కాపు కాస్తాయి. రెండోది అణుశక్తితో నడిచి, శత్రువుల ఓడల్ని, వాళ్ల జలాంతర్గాముల్ని తరుముకోని వేటాడేది. మూడోది అరిహంత్ తరగతి. అదీ అణుశక్తితోనే నడుస్తాది గాని దాని పని వేట కాదు, కడుపులో క్షిపణులు పెట్టుకోని ఎవురికీ దొరక్కుండా దాక్కోని ఉండేదే దాని పని. అంతవరకు బాగనే చెప్పినా. ఆపైన మొదటి గడిలో ఇట్ల రాయించినా: "డీజిల్ తరగతి పూర్తిగా మునిగి ఉన్నప్పుడు డీజిల్ ఇంజనుతో నడుస్తుంది."

ఎన్నడూ చెయ్యెత్తనోడు ఆ రోజు ఎత్తినాడు.

"సార్, మునిగినాక డీజిల్ ఇంజను ఆడదు సార్."

"ఎందుకాడదు నాయనా? నువ్వు నడిపినావా?"

"ఇంజనుకు గాలి కావాల కదా సార్. పొగ పొయ్యేదానికి దావ కావాల. మూసిన చోట ఇంజనేస్తే లోపలోళ్లు బతకరు."

"ఓహో! యాడ చూసినావప్పా జలాంతర్గామిని? కోసిగి చెరువులోనా?"

షెడ్డంతా ఘొల్లున నవ్వింది. వాడు నవ్వు అయ్యేదాకా ఆగినాడు.

"బావిలో సార్. పూడిక తీసేటప్పుడు నీళ్లు తోడాలని బాడుగ ఆయిలింజను తెచ్చినారు. పైనుంచి అందదని బావిలోకి దించి, లోపల మెట్టు మీద పెట్టి ఆడించినారు. పొగంతా కిందనే నిలిచిపోయె. ఇంజను ఆపేదానికి మా నాయన దిగినాడు. మళ్లా పైకి రాలేదు సార్."

అందరూ నా మొగం చూస్తాండారు. మనిషన్నోడు అంతటితో ఆపి, బోర్డు తుడిచేసి, "సరే నాయనా, చూసి చెప్తా" అంటాడు. నాకేమో ఒళ్లు మండిపోయె. సుగ్గికి పొయ్యే పిల్లోడు నలుగుర్లో నాకు పాఠం చెప్పేదా?

"మీ నాయన పొగకు సావలేదురా, తెలివి లేక సచ్చినాడు," అంటి. "నేవీ వాళ్లు మీ నాయన మాదిరోళ్లు కాదు, వాళ్ల ఇంజన్లు వేరే. ఈ వాక్యం యాభై సార్లు రాసుకోని రేపు నాకు చూపియ్యి."

ఈసారి ఎవురూ నవ్వలేదు. వాడు ఏడవలేదు కూడా. కూసోని, నోట్సు తెరిచి, అప్పుడే రాసేదానికి మొదలుపెట్టె.

సాయంత్రం ఇంటికి పోయినాక మనసు నిలవక ఫోన్లో వెతికినా. ఒక వీడియోలో పాత నావికుడు ఒకాయన శానా ఓపిగ్గా చెప్తాండాడు. డీజిల్ రకం మునిగినంతసేపూ బ్యాటరీల మీదనే పోతాది. అప్పుడు చప్పుడుండదు, అదే దాని బలం. బ్యాటరీ తగ్గినప్పుడు పైదాకా లేచి, నీళ్ల పైకి గొట్టం ఎత్తి, దాంతో గాలి పీల్చుకుంటా ఇంజన్లేసి ఛార్జి చేసుకోవాల. ఆ గొట్టమెత్తినప్పుడే శత్రువు కంట పడతాది. అణు రకాలకు ఆ గాలి బాధే లేదు, లోపలోళ్లకు తిండి ఉన్నన్నాళ్లు కిందనే ఉంటాయి. అంటే వాడు చెప్పిందే నిజం. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించె.

పొద్దున వాడు యాభై సార్లు రాసింది తెచ్చి టేబుల్ మీద పెట్టె. కొట్టివేత ఒక్కటి లేదు. నేను పేజీలు తిప్పి, కింద సంతకం పెట్టి ఇచ్చేసినా. రేపు చెప్దాం, వేరే పాఠం మధ్యలో కలిపి మెల్లగా చెప్దాం అనుకుంటి. ఆ రేపు పరీక్ష దాకా రాలేదు. చెప్పేదానికి అర నిమిషం కూడా పట్టదు.

పరీక్ష రాసి అందరూ తిన్నగా షెడ్డుకు వచ్చిరి. ఆ ప్రశ్న వచ్చింది, ఉన్నదున్నట్లు. నేను ఒక్కొక్కర్నే అడుగుతాపోతే, అందరూ బ్యాటరీ అనే పెట్టినారు. నా మాట ఎవురూ నమ్మలేదు, ఇంజను ఆడదన్న వాని మాట నమ్మినారు. వాడొక్కడు డీజిల్ ఇంజను అని పెట్టినాడు.

"నువ్వే కదరా మాకు చెప్పింది, నువ్వేమి అట్ల పెడితివి?" అని పక్కోడు తల కొట్టుకున్నాడు.

"సార్ అంత గట్టిగా చెప్పినాక మా నాయనదే తప్పేమో అనుకుంటి," అనె వాడు.

అప్పుడైనా తప్పు నాదేనని ఒప్పుకోవల్సింది, ఒప్పుకోలేదు. "నీకు సొంత బుర్ర లేదారా? నేనేదో తొందరలో ఒక మాటంటే అదే పట్టుకోని యేలాడతావా?" అని అందరి ముందర కసిరినా. "అవును సార్, నాదే తప్పు," అని బ్యాగు తగిలించుకోని పోయె. ఫలితాలొచ్చినప్పుడు ఒక్క మార్కు తక్కువై ఆగిపోయినాడు. ఇప్పుడు ఎర్రగుంట్లలో లారీలకు సిమెంటు మూటలెత్తుతాండాడంట, వాళ్లమ్మ మిరప చేలల్లోనే ఉండాదంట. వాని రూములో ఉన్నోడు చెప్పినాడు.

నేను ఈడనే ఉండా. ఇప్పుడు డీజిల్ తరగతి గురించి ప్రతి బ్యాచికీ బావిలో ఆయిలింజను దించిన కథతోనే చెప్తా. ఇంజను ఆపేదానికి ఒకాయన దిగినాడు, మళ్లా రాలేదు అనేటప్పటికి షెడ్డు నిశ్శబ్దమైపోతాది. ఇంక ఆ తేడా ఎవురూ జన్మలో మర్చిపోరు. సార్ శానా బాగ చెప్తాడని పేరు కూడా వచ్చింది. మొన్న ఒక పిల్ల కండ్లలో నీళ్లు పెట్టుకోని, "ఇది నిజంగా జరిగిందా సార్?" అని అడిగె.

"మా ఊర్లోనే జరిగింది, ఆయన నాకు బాగ తెలిసినోడు," అని చెప్పినా.