నీళ్ళలో మునగని చందనం

కడప జిల్లాలో పుట్టిన ప్రతి మగవాడూ ఎర్రచందనం విషయంలో తాను నిపుణుడినే అనుకుంటాడు. వేపచెక్కకూ తుమ్మచెక్కకూ తేడా చెప్పలేనివాడు కూడా టీ అంగడి ముందు నిలబడి చందనం దుంగ బరువెంతో, దాని ఎరుపు ఎలాంటిదో, అది ఏ ఓడరేవు మీదుగా ఏ దేశానికి పోతుందో అనర్గళంగా చెప్పగలడు. ఆ గుంపులో చెట్టును చూసినవాళ్ళు ఒకరో ఇద్దరో ఉంటారు. చెక్కను కోసినవాడు ఒక్కడూ ఉండడు. నేనూ కోయలేదు. తెలియకపోవడం మీద నాకు అభ్యంతరం లేదు. తెలియనితనం అంత గొంతెత్తి మాట్లాడటం మీదే నా అభ్యంతరమంతా.

నేను ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరును. వేడినీ ఒత్తిడినీ కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. సెలవు రోజుల్లో క్వార్టర్సు వెనక వరండాలో స్క్రోల్ సా మీద చెక్క కోస్తాను. అది బల్లమీద పట్టే రంపపు మిషన్. దారం కన్నా కాస్త వెడల్పైన బ్లేడు నిలువుగా పైకీ కిందికీ ఆడుతుంది. బ్లేడు ఉన్నచోటనే ఉంటుంది. గీసిన గీత వెంట చెక్కను తిప్పవలసింది మన చేతులే. లోపలి ఖాళీలు కోయాలంటే ముందుగా చిన్న రంధ్రం వేసి, బ్లేడును ఊడదీసి, ఆ రంధ్రంలోంచి దూర్చి, మళ్ళీ బిగించాలి. బిగువు చాలకపోతే కోత పక్కకు వాలుతుంది, ఎక్కువైతే బ్లేడు తెగుతుంది. వేలితో మీటితే పలికే శబ్దాన్ని బట్టి బిగువు తెలుస్తుంది. అరగంట గట్టిగా పనిచేస్తే బ్లేడు మొద్దుబారుతుంది. అప్పుడు బ్లేడు మార్చకుండా పిసినారితనం చూపినవాడి చెక్క అంచులు నల్లగా మాడతాయి.

ఇదంతా చూసి పక్క క్వార్టర్సులో ఉండే అకౌంట్సు ఆఫీసరు ఒకసారి అన్నాడు: "మిషనే కోస్తాండాది గదా సార్, మీరు చేసేదేముండాది?"

"జీతాల లెక్క కంప్యూటరే చేస్తాండాది గదప్పా, నువ్వేం చేస్తాండావు?" అన్నాను. ఆయన తర్వాత వరండా వైపు రాలేదు. ఆ నష్టాన్ని నేను సులభంగానే తట్టుకున్నాను.

ఇక నా చెల్లెలి భర్త. కర్నూలు శివార్లలో కాంట్రాక్టులు చేసుకుంటాడు. అతను కట్టిన కాలువగట్ల గురించి ఇక్కడ చెప్పను. అవి వాననీళ్ళకు తమ సంగతి తామే చెప్పుకున్నాయి. కొత్తగా ఇల్లు కట్టుకుంటూ, పూజగది తలుపులకు చిల్లులతో బొమ్మ కోసిన జాలీ పలకలు కోసిపెట్టమని అడిగాడు. అతనికి రెండు రెక్కల మీదా నెమళ్ళు, మధ్యలో తన పేరులోని మొదటి అక్షరాలు కావాలి. పూజగదిలో ఎవరికి పూజ జరగబోతుందో ఆ కోరికతోనే స్పష్టమైంది. చెల్లెలు మాత్రం ఫోనులో ఒక్కటే అడిగింది.

"అన్నా, మన ఇంట్లో వాకిట్లో జొన్నకంకులు కట్టేవాళ్ళం గదా పిచ్చుకలకు. అవి చెక్కు. ఆయనకు నేను చెప్పుకుంటాలే."

అందుకే ఒప్పుకున్నాను. మా మిషన్ మీద బ్లేడుకూ వెనక స్తంభానికీ మధ్య పదహారు అంగుళాలే ఎడం. అంతకన్నా పెద్ద పలక తిరగదు. అందుచేత రెక్కకు మూడేసి పలకలుగా విడదీసి, కింది పలకలో మొదలైన జొన్నదంటు పై పలకలో కంకిగా ముగిసేలా బొమ్మ గీశాను. ఆకులన్నీ చేతితోనే గీశాను. ఏ రెండూ ఒకటి కావు.

చెక్క అతనే తెచ్చాడు. కారు డిక్కీలోంచి దించిన పలకల చుట్టూ చుట్టి ఉన్నది ఒక పాత ఫ్లెక్సీ. దాని మీద చేతులు జోడించి నవ్వుతూ అతని ఫొటోనే.

"ఎర్రచందనం బావా," అన్నాడు గొంతు తగ్గించి.

ఒక పలక అంచును అంగుళం మేర కోసి చూశాను. బ్లేడు గడ్డపెరుగులోకి దిగినట్టు దిగింది. రాలిన పొట్టు లేత గులాబీ రంగులో ఉంది. అది మలేసియా వైపు నుంచి వచ్చే మెరంటి. కిటికీ చట్రాలకు వాడతారు. పైకి కనిపించే ఎరుపు కలప డిపోవాడు పూసిన రంగు. మెరంటి చెడ్డ చెక్క కాదు. ఈ మొత్తం వ్యవహారంలో తాను ఏమిటో అబద్ధమాడనిది అదొక్కటే.

"ఇది మెరంటి అప్పా."

"నాకు తెల్దా? డిపోలో కొనింది నేనే గదా. చూసేటోళ్ళకు యాడ తెలుస్తాది బావా, పాలిష్ కొట్టినాక?"

మోసపోయినవాడి మీద జాలిపడవచ్చు. ఇతను మోసపోలేదు, లేని నేరాన్ని గొప్పకోసం తన మీద తానే వేసుకుంటున్నాడు. మా వైపు ఇదొక ప్రత్యేకమైన హోదా: చట్టానికి అందని వస్తువు ఇంట్లో ఉందంటే, ఆ ఇంటివాడు చట్టానికి అందనివాడని అర్థం. నిజంగా చందనం దాచినవాడు నోరు మూసుకుంటాడు. మెరంటి కొన్నవాడే చందనమని చాటుకుంటాడు.

పలకల పని వేసవంతా నడిచింది. ఖాళీల్లోంచి రాలిన ముక్కలను నేను పారేయను. ఒక్కొక్కదాని వెనక అది ఏ పలకలోదో, ఏ ఖాళీలోదో పెన్సిలుతో గుర్తు వేసి డబ్బాలో పెడతాను. తలుపు బిగించేటప్పుడు కీలు వెనక సందు పడితే, అదే చెక్క ముక్కను అరగదీసి పెడితే చలికీ ఎండకూ తలుపుతోపాటే ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. గృహప్రవేశానికి వెళ్ళేటప్పుడు ఆ డబ్బాను పనిముట్ల సంచిలో వేసుకొన్నది అందుకే.

గృహప్రవేశం నాడు అతను వచ్చినవాళ్ళను వచ్చినట్టే పూజగది ముందుకు నడిపించాడు. గోడలకు ఖరీదైన గ్రానైటు ఉంది, దాన్ని చూపించలేదు. తలుపులనే చూపించాడు.

"ఎర్రచందనం. ఒరిజినల్. మనోళ్ళు ఉండారు కాబట్టి దొరికినాది."

డోన్ నుంచి వచ్చిన కాంట్రాక్టర్లు ఆ మాట విని గౌరవంగా తలలు ఊపారు. వాళ్ళ గౌరవం తప్పుడు చెక్కకూ, తప్పుడు కారణానికీ చెందింది. జొన్నకంకులను వాళ్ళలో ఒక్కడూ చూడలేదు. వాళ్ళ వెంట భోజనానికి వచ్చిన ఒక పెద్దమనిషి మాత్రం తలుపు దగ్గర ఆగిపోయాడు.

"పర్మిటు ఉండాదా అప్పా?"

"మనకు పర్మిట్లు ఏంటికన్నా?" అని నవ్వాడు చెల్లెలి భర్త.

ఆ పెద్దమనిషి నవ్వలేదు. తాను అటవీశాఖలో అధికారినని మెల్లగా చెప్పాడు. "నేను భోజనానికే వచ్చినా. కానీ విన్నదాన్ని విన్లేదనుకోలేను. ఇది చందనమే అయితే రేపు మావాళ్ళు వస్తారు, తలుపులు ఊడదీసి తీసకపోతారు. కేసు తేలేదాకా గోడౌన్లో పడుంటాయి. కాదంటావా, కాదని ఒక మాట చెప్పు. పప్పన్నం తిని పోతా."

అంతకన్నా మర్యాదగా ఎవరూ దారి చూపలేరు. కావలసింది ఒక్క మాట. చెల్లెలి భర్త నోరు తెరిచాడు, డోన్ కాంట్రాక్టర్ల వైపు చూశాడు, మూసుకున్నాడు. ఒక పక్క కేసు; ఇంకో పక్క, కిటికీ చట్రాల చెక్క కొన్నాడన్న మాట. ఏది పెద్ద ప్రమాదమో అతను నిజంగానే తూకం వేస్తున్నాడు. తర్వాత మెడ నిటారుగా పెట్టి అన్నాడు:

"చందనమే. ఏమైతాదో నేనూ చూస్తా."

చెల్లెలు పసుపు కుంకుమల పళ్ళెంతో తలుపు పక్కనే నిలబడి ఉంది. "కాదని చెప్పరాదా, నీకేం పోతాది?" అంది.

"నువ్వు లోపలికి పో."

ఆమె లోపలికి పోలేదు. నా వైపు తిరిగింది. "అన్నా, నిజంగానే తీసకపోతారా తలుపులు?"

నేను సంచి తెరిచి డబ్బా బయటికి తీశాను. "ఇది మెరంటి సార్," అన్నాను అధికారితో. "కోసింది నేను. కోతలో రాలిన ముక్కలు ఇవి. చందనం నీటికన్నా బరువు, మునుగుతుంది. ఇది తేలుతుంది."

"ఈ ముక్కలు ఈ తలుపువే అని ఏం నమ్మకం?"

ఆ రోజు ఆ ఇంట్లో నేను విన్న తెలివైన ప్రశ్న అదొక్కటే. గుర్తు చూసి ఒక ఆకు ముక్కను తీసి, కుడి రెక్క కింది పలకలో దాని ఖాళీలో పెట్టాను. బ్లేడు తిన్నది మిల్లీమీటరు కూడా ఉండదు. చుట్టూ వెంట్రుకంత సందుతో ముక్క కూర్చుంది. పలకలోని చెక్క చారలు ముక్కలోంచి సాగి అవతలికి పోయాయి. ఇంకో ఖాళీలో పెట్టబోతే పట్టలేదు. ఆయన వంగి చూశాడు, చారల మీద గోరుతో గీసి చూశాడు, తల ఊపాడు. అప్పుడు షామియానా పక్కన చేతులు కడుక్కునే నీలం డ్రమ్ము దగ్గరికి వెళ్ళి ముక్కను అందులో వేశాను.

ఒకసారి మునిగినట్టే మునిగి, పైకి వచ్చి, మెల్లగా తిరుగుతూ తేలింది.

డోన్ ముసలి కాంట్రాక్టరు ఒకాయన డ్రమ్ములోకి తొంగిచూసి, "ఏమప్పా, మీ చందనం ఈత నేర్చుకుండాదే," అన్నాడు. అందరూ నవ్వారు. ఇంతకుముందు గౌరవంగా ఊగిన తలలే ఇప్పుడు నవ్వుతో ఊగాయి. రెంటికీ వాళ్ళు పెట్టిన శ్రమ సమానమే. అధికారి చేతులు కడుక్కొని భోజనానికి కూర్చున్నాడు. చెల్లెలు పళ్ళెం కింద పెట్టి, తలుపు రెక్కలకు పసుపు రాసి బొట్లు పెట్టింది.

తలుపులు అక్కడే ఉన్నాయి. వాటిని తీయించి నెమళ్ళున్న రెడీమేడ్ తలుపులు పెట్టిస్తానని చెల్లెలి భర్త కొన్నాళ్ళు అన్నాడట. "తీయి. దీపం నువ్వే పెట్టుకో," అందట చెల్లెలు. అతనికి దీపం వెలిగించడం రాదు. విషయం అక్కడితో ఆగింది.

కానీ పరువు పోయినవాడు ఊరుకోడు. అతను ఇప్పుడు చెబుతున్న కథ ఇది: తాను ఇచ్చింది అసలైన చందనమే, బావ దాన్ని ఎర్రగుంట్లలో దాచుకొని, మెరంటి కోసి పంపాడు. లేకపోతే ఆ ముక్కలు అంత సిద్ధంగా సంచిలో ఎందుకుంటాయి? ఈ కథకు డోన్‌లోనూ కర్నూలులోనూ మంచి ఆదరణ ఉందని విన్నాను. అబద్ధం కూడా నిజమంత నున్నగా అతుక్కోగలదని నాకు అప్పుడే తెలిసింది.

మొన్న ఆ కథ విని రాయచోటి నుంచి ఒకాయన వెతుక్కుంటూ మా వరండాకు వచ్చాడు. మిషన్ మీద దుమ్ము పడకుండా కప్పిన ఆ పాత ఫ్లెక్సీని తొలగించాను. చెల్లెలి భర్త జోడించిన చేతుల మీద నుంచి పొట్టు రాలింది. వచ్చినాయన ఆ ముఖాన్నీ, అరలో ఉన్న డబ్బాలనూ మార్చి మార్చి చూశాడు.

"కోయంగా మిగిలిన చెక్క శానా ఉండాదంట గదా సార్ మీ తావ."

డబ్బాలోంచి ఒక ముక్క తీసి అతని చేతికిచ్చి, బకెట్టు చూపించాను. వేశాడు. తేలింది. నడుం వంచి దాన్ని కాసేపు చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, నా వైపు చూసి ఒక కన్ను గీటాడు.

"మాబోటోళ్ళకు చూపించేది ఇదేలే సార్," అన్నాడు.