నవంబర్ మేకు

మా ఆయన బూట్లు బాగుచేస్తారు. ముప్ఫై ఏళ్ళుగా అదే వీధి, అదే కొట్టు, అదే పీట. పీటైనా ఒకసారి విరిగి కొత్తది వచ్చింది గానీ ఆయన మాత్రం మారలేదు. మా ఊరి నుంచి సగం రోజు బస్సులో వెళ్తే పెద్ద కొండల మొదలు వస్తుంది. ఆ కొండలెక్కి, మంచు కనుమ దాటి రావాలని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. దిగేసరికి వాళ్ళ బూట్లు నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. ఈయన వాటిని అతికించి, మైనం దారంతో కుట్టి, నోళ్ళు మూయిస్తారు. నా నోరు మూయించడం మాత్రం ఇంతవరకూ ఆయన వల్ల కాలేదు.

నాదీ కొండవాళ్ళ పనే. చలి జాకెట్లు, స్లీపింగ్ బ్యాగులు అద్దెకిచ్చే కొట్టొకటి ఉంది. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చి అప్పగించిన సామానంతా ఉతకడానికి నా దగ్గరికి వస్తుంది. అక్టోబర్‌లో మా పెరట్లో దండెం మీద గుడ్డ ముక్క వేయడానికి చోటుండదు. నవంబర్ రాగానే నా చేతులకి సెలవు. పగిలిన వేళ్ళకి ఇంత నూనె రాసుకుని కూర్చుంటాను.

ఆయన కొట్టులో వెనక గోడకి పన్నెండు మేకులున్నాయి, నెలకొకటి. కొండ దిగివచ్చిన ప్రతి జతకీ చీటీ కడతారు. జత బాగై వెళ్ళిపోయాక ఆ చీటీ ఆ నెల మేకుకి ఎక్కుతుంది. అలా ఎన్నేళ్ళ చీటీలో! వానల్లో నానిన జతల వల్ల జులై మేకు కనిపించదు కూడా. మే, జూన్, సెప్టెంబర్, అక్టోబర్ కూడా ఒత్తుగానే ఉంటాయి. చలి ముదిరాక దారి మూసేస్తారు కాబట్టి డిసెంబర్ నుంచి మార్చి దాకా మేకులు బోడిగా ఉంటాయి. దారి తెరిచి ఉండే నెలల్లో అన్నిటికన్నా పల్చటిది నవంబర్. పట్టుమని పాతిక చీటీలుండవు.

ఆ గోడ వల్ల ఈయనకి మేకుల మావయ్య అని పేరొచ్చింది. కొండకి వెళ్ళేవాళ్ళెవరైనా వచ్చి, “మావయ్యగారూ, ఎప్పుడు వెళ్తే మంచిది?” అని అడిగారా, తోలు గుచ్చే ఆరె కింద పెట్టి ఠీవిగా గోడ చూపించేవారు.

“కొండ ఏ నెలలో ఎన్ని బూట్లు నమిలిందో అక్కడుంది, చూసుకోండి. తక్కువ నమిలింది నవంబర్‌లో. నేను చెప్పేదేముంది? కొండే చెబుతోంది.”

వాళ్ళు ఔరా అని తలూపేవారు. తీరా తమకి సెలవు దొరికినప్పుడే వెళ్ళేవారు. “నా మాట ఎవడు వింటాడే?” అని ఆయన నా దగ్గర చిన్నబుచ్చుకునేవారు.

ఒక్క మనిషి వింది. మా అమ్మాయి.

దానికి పేరుంది గానీ ఇంట్లో పిచ్చుక అంటాం. ఇరవై ఆరేళ్ళు, కళ్ళద్దాల కొట్టులో అద్దాలు అరగదీసే పని. “కొండ పేరు చెప్పుకునే ఈ ఇల్లు గడుస్తోంది, ఒక్కళ్ళమైనా ఎక్కామా?” అని ఏళ్ళ తరబడి నస. చివరికి ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి గైడుని మాట్లాడుకుంది. అక్టోబర్ మొదటి వారం. ఆరు రోజుల దారి. సెలవు కూడా దొరికింది.

“అక్టోబరా?” అని ఈయన పీట మీంచి లేచారు. “ఆ మేకు చూశావా? ఊళ్ళో వాళ్ళందరికీ నవంబరని చెప్పి, సొంత కూతుర్ని అక్టోబర్‌లో పంపనా?”

“గైడు అక్టోబరే మేలన్నాడు నాన్నా.”

“గైడుకి కాళ్ళున్నాయి. నాకు ముప్ఫై ఏళ్ళ చీటీలున్నాయి.”

అది కాసేపు గోడ వంక చూసింది. “సరే నాన్నా, నువ్వు చెప్పాక ఇంకేముంది” అంది. సెలవు మార్పించుకుంది. స్నేహితురాళ్ళు గొణిగారు. గైడు మాత్రం, ఆకాశం బాగుంటే వెళ్దాం, లేదంటే వెనక్కి తిరుగుదాం అన్నాడట. నేను పక్కనే నిలబడి వేళ్ళకి నూనె రాసుకుంటూ అంతా విన్నాను. నాకేమీ తట్టలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఈరోజుకీ నన్ను నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నవంబర్ రెండో వారంలో బయల్దేరారు. మూడో రోజు పొద్దున్న ఫోన్ చేసింది. “ఇక పైన సిగ్నల్ ఉండదమ్మా. ఆరో రోజు దిగాక చేస్తాను. కంగారుపడకు” అంది. కంగారుపడకు అంటే పడకుండా ఉండే తల్లి ఎక్కడైనా ఉందా?

నాలుగో రోజు తెల్లవారేసరికి మా వీధి చివర రోజూ కనిపించే కొండలు కనిపించలేదు. వాటి చోట బూడిద రంగు గోడ ఒకటి నిలబడింది. గాలి తలుపుల్ని కొడుతోంది. ఎత్తు మీద మంచు పడుతోందని రేడియోలో చెప్పారు.

“నవంబర్‌లో అంత పడదు” అన్నారాయన. “పడితే చీటీలుండేవి.” అంటూనే కుట్టిన చోటే మళ్ళీ కుట్టి, బొటనవేలు గుచ్చుకున్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన వేలు గుచ్చుకోవడం నేను చూడలేదు.

నాకు కొట్టులో కూర్చోబుద్ధి కాలేదు. ఏదో ఒకటి ఉతుకుదాం, చేతులు ఆడితే మనసు నెమ్మదిస్తుందని పెరట్లోకి వెళ్ళాను. ఉతకడానికి ఏమీ లేదు. దండెం ఖాళీగా ఊగుతోంది.

నా కాళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

దండెం ఎందుకు ఖాళీగా ఉంది? అద్దె సామాను రాలేదు కాబట్టి. ఎందుకు రాలేదు? ఎవరూ తీసుకోలేదు కాబట్టి. ఏటా నవంబర్‌లో ఇంతే. అసలు ఎవరూ కొండకి వెళ్ళరు! కొండ బూట్లు నమలకపోవడం కాదు, నమలడానికి అక్కడ బూట్లే లేవు.

ఎలా పరిగెత్తానో తెలియదు. “ఏమండీ! నవంబర్‌లో నాకు ఉతుకుడు ఎందుకుండదండీ?”

“ఇప్పుడు ఉతుకుడు గోలేమిటే?” అని కసిరారు.

“చెప్పండి! ఎందుకుండదు?”

ఆయన కుడుతున్నది ఆపారు. మెల్లగా గోడ వైపు తిరిగారు. ఆ పల్చటి చీటీల గుత్తిని చేత్తో పట్టుకున్నారు. “నా నోటితో నేనే పంపాను” అన్నారు. నేను చెడామడా తిట్టాలనే వచ్చాను. కానీ తప్పు ఆయనొక్కరిదా? నా దండెం, ఆయన మేకులు ముప్ఫై ఏళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నాయి. రెండూ ఒకచోట పెట్టి ఒక్కరోజు చూసుకున్నామా?

కొట్టు మూసి మధ్యాహ్నం బస్సెక్కాం. కొండ మొదట్లో చెక్‌పోస్టు ఉంది. అక్కడి కాపలాదారు రిజిస్టర్ తెరిచి చూపించాడు. అక్టోబర్‌కి పేజీల మీద పేజీలు. నవంబర్ పేజీలో నాలుగే పేర్లు, మా పిచ్చుకది రెండోది.

“మిగతావాళ్ళు?” అని ఆయన అడిగారు.

“ఇంకెవరండీ? ఈ నెలలో వీళ్ళే. నేనూ వద్దనే అన్నాను. ఎవరో బాగా తెలిసిన పెద్దాయన ఈ నెలే మంచిదన్నాడట. ఆ పిల్ల ఒకటే నమ్మకం.”

“ఆ పెద్దాయన్ని నేనే బాబూ” అన్నారు మా ఆయన. కాపలాదారు గబుక్కున రిజిస్టర్ మూసేశాడు. మా ఇద్దరికీ లోపల కుర్చీలు వేశాడు.

ఆ రాత్రి గురించి చెప్పను. మర్నాడు కూడా కొండ మీద మబ్బు విడవలేదు. ఈయన దారి మొదట్లో నిలబడి నేల చూస్తూ ఉండిపోయారు. కూర్చోమంటే కూర్చోరు, తినమంటే తినరు. మధ్యాహ్నం దాటాక మలుపు దగ్గర మబ్బులోంచి ఏవో కదిలాయి. నేను ముఖాల కోసం వెతుకుతున్నాను, కళ్ళు మసకలు కమ్మి ఒక్కటీ ఆనడం లేదు. ఆయన ముఖాలు చూడలేదు. బూట్లు లెక్కపెట్టారు.

“ఎనిమిది” అన్నారు. అని, ఆ బురదలోనే చతికిలపడ్డారు.

పిచ్చుక వచ్చి నన్ను వాటేసుకుంది. దాని పెదవులు పగిలి ఉన్నాయి. తర్వాత తండ్రి ఎదురుగా కూర్చుంది.

“కనుమ చూడలేదు నాన్నా. మూడో రోజు సాయంత్రమే తిరిగిపోదామన్నాను. వీళ్ళిద్దరూ ఏడ్చారు. నాలుగో రోజు తెల్లారగానే దిగడం మొదలుపెట్టాం, వెనకాలే మంచు పడింది.”

“ఎందుకు తిరిగావే?”

“దారిలో ఒక్క కొత్త బూటు ముద్ర లేదు. ఉన్నవన్నీ పాతవి, అంచులు అరిగిపోయినవి. నీ కూతుర్ని కదా, నేల చూడకుండా నడవలేను. నవంబర్ మేకుకి చీటీలు ఎందుకు లేవో అప్పుడర్థమైంది.”

“నన్ను తిట్టుకున్నావా?” అన్నారాయన.

“తిట్టుకున్నాను. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత కాళ్ళు నొప్పెట్టి మర్చిపోయాను.”

అందరం నవ్వాం. ఆయన నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు.

గోడ మీద మేకులు ఇప్పటికీ ఉన్నాయి. నవంబర్ మేకుకి పిచ్చుక బూట్ల చీటీ కూడా ఎక్కింది. ఎవరైనా వచ్చి ఎప్పుడు వెళ్ళాలని అడిగితే మాత్రం ఈయన గోడ చూపించరు. “చిరిగిన బూట్ల సంగతైతే నన్నడగండి. ఎప్పుడు వెళ్ళాలో మా ఆవిణ్ణి అడగండి” అంటారు. నేను వాళ్ళని పెరట్లోకి తీసుకెళ్ళి, ఈ దండెం మీద చోటు లేనప్పుడు వెళ్ళండని చెబుతాను. వెళ్ళినవాళ్ళు తిరిగొస్తేనే కదా నాకు ఉతుకుడు.

ఈ అక్టోబర్‌లో పిచ్చుక మళ్ళీ వెళ్ళింది. ఇవాళ నాలుగో రోజు. ఎండ బాగానే ఉంది, దండెం నిండుగా ఉంది. ఆయన గంటకోసారి పని ఆపి పెరట్లోకి వచ్చి తడి జాకెట్లు లెక్కపెట్టుకుని వెళ్తున్నారు. ఆయన అటు వెళ్ళగానే నేనూ లెక్కపెడుతున్నాను.