పదీ పన్నెండుకు ఏడుపు

“పదీ పన్నెండుకు ఏడుస్తాడు,” అన్నారు ఇకుతా గారు కాగితం మీంచి తల ఎత్తకుండా.

“ఎవరు?”

“గెంతా.”

“ఎందుకు?”

“అది వాడి ఇష్టం. మనం టైము పెట్టడం వరకే.”

పెన్సిలు చెవి వెనక దోపుకుని, ఆ కాగితాన్ని మా దుకాణంలో జిరాక్స్ మిషను మీద బోర్లించారు.

పిల్లల్ని షికారు తీసుకెళ్ళేటప్పుడు బస్సు ఎన్నింటికో, తిండి ఎక్కడో ఎవరైనా రాసుకుంటారు. ఇకుతా షోహే గారు ఏడుపు ఎన్నింటికో కూడా రాస్తారు. ఏడుపొక్కటే కాదు. అలక ఎప్పుడు, ‘ఎత్తుకో’ అని చేతులు చాచడం ఎప్పుడు, చేతిలో ఒనిగిరి అన్నం ముద్ద మట్టిలో పడడం ఎప్పుడు, అన్నీ నిమిషాలతో సహా ఉంటాయి. తొత్తోరి స్టేషను వెనక మా పేటలో చిన్నపిల్లలున్న ఏ ఇల్లూ ఆయన పుస్తకం బారిన పడకుండా పోలేదు.

ఆయన నలభై ఒక్క ఏళ్ళు ప్రాథమిక పాఠశాలలో అటెండరుగా చేశారు. తలుపుల మేకులు బిగించడం, కుందేళ్ళ గూడు కడగడం, ఏటా రెండుసార్లు పిల్లల యాత్రకు చిన్న చిన్న పుస్తకాలు మడిచి పిన్నులు కొట్టడం ఆయన పనులు. పిన్నులు కొట్టారు గాని ఒక్క యాత్రకూ వెళ్ళలేదు. అందరూ వెళ్ళిపోయాక బడిలో ఫోను దగ్గర ఎవరో ఒకరుండాలి కదా. రిటైరైన మర్నాడు పొద్దున్నే మా దుకాణం తలుపు తట్టి, ఒక కట్ట కాగితం కొని, సొంత పుస్తకం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ మా పేట పిల్లలందరికీ ఆయనే యాత్రల పెద్ద. ఎవరూ నియమించలేదు, వద్దనడానికీ ఎవరికీ నోరు రాలేదు.

అరచేయంత పుస్తకం. మెడలో వేసుకోవడానికి దారం. అట్ట మీద బొమ్మ ఆయనే గీస్తారు. ఈసారిది ఒంటె అన్నారు. పిల్లలు మాత్రం మడతకుర్చీ అనే అనుకున్నారు. మొదటి పేజీలో తెచ్చుకోవలసినవి: చేతిరుమాలు, నీళ్ళసీసా, మార్చుకునే లాగులు రెండు. దాని కింద గీత గీసి, ‘అరటిపండు చిరుతిండి కిందికి రాదు’ అని ఉంటుంది. చిరుతిండికి ఇంతేనని హద్దు పెట్టే మా బడులన్నిటిలోనూ యాత్రకు ముందురోజు ఒక పిల్ల లేచి టీచరును అడిగే ప్రశ్న అది. నలభై ఒక్క ఏళ్ళు తలుపు బయట నిలబడి విన్నారు. చివరికి తనే తీర్పు చెప్పేశారు.

ఏడుపును అచ్చువేయడం అపశకునమని తల్లులు గొణిగేవారు. రైలు తొమ్మిదింటికని రాస్తే మనం రాసినందుకు వస్తుందా, అది వచ్చేదే కాబట్టి రాస్తాం, అనేవారు ఈయన.

రేవు దగ్గర పీతల్ని చూపించే చోటికి ఆరుగురు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు నేనూ వెళ్ళాను. ‘పదకొండూ అయిదు: ఒకరి బూటు ఒకటి కనబడదు’ అని ఉంది పుస్తకంలో. పదకొండూ అయిదయింది. ఆరుగురికీ పన్నెండు బూట్లూ కాళ్ళకే ఉన్నాయి. ఇకుతా గారి మొహం చూడాలి. పెళ్ళివారు ఇంకా రాలేదని వీధిలోకీ ఇంట్లోకీ తిరిగే మామగారిలా అయిపోయారు. పొడుగుకాళ్ళ పీత అద్దం వెనక నాట్యమాడుతున్నా ఆయన చూపు పిల్లల పాదాల మీదే. పదకొండూ తొమ్మిదికి ఒక బూటు మెట్ల కిందికి దొర్లింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, ‘నాలుగు నిమిషాలు ఆలస్యం’ అని రాసుకుని, అప్పుడు పీత వైపు తిరిగారు.

టైములు గాలిలోంచి రావు, రిహార్సల్ చేస్తారు. పది కిలోల బియ్యం సంచిని పిల్లల్ని కట్టుకునే గుడ్డతో ఎదకు కట్టుకుంటారు. ఎండ తగలకుండా దానికి ఒక టోపీ. ఆ వేషంలో వెళ్ళవలసిన దారంతా ముందే నడిచొస్తారు. ఒకసారి బస్సులో ఎవరో లేచి సీటిచ్చారట. బియ్యం తరఫున తనే థాంక్స్ చెప్పానన్నారు. ఇంకోసారి ఒకావిడ టోపీ ఎత్తి చూడబోతే, వేలు పెదాలకు ఆనించి, ఇప్పుడే నిద్రపోయిందన్నారట.

ఈ అక్టోబరులో రిహార్సల్ ఒకటి కాదు, వరసగా మూడు శనివారాలు జరిగింది. అదే పది గంటల బస్సు, అవే సముద్రపొడ్డు ఇసుక కొండలు, అదే బియ్యం. వయసు మీద పడి మతి జారుతోందేమోనని నాకు బెంగ పట్టుకుంది.

ఈసారి యాత్ర ఒంటెల నెక్కించే ఆ ఇసుక కొండలకే, మా చినత్సు కోసం. మా చెల్లెలి కూతురు. మా దుకాణం మీది వాటాలో ఉంటుంది. మొగుడికి ఒసాకాలో ఉద్యోగం, నెలకు రెండుసార్లు వస్తాడు. పిల్లలు ఇద్దరు: అయిదేళ్ళ మోమొకా, రెండేళ్ళ గెంతా. గెంతా ఏడుపు ఊరికి సైరన్ పెట్టే ఖర్చు తప్పించేటంత గొప్పది. జూలైలో ఒకరోజు బస్సులో వాడు గొంతెత్తితే వెనక సీటులో ఒకాయన నాలుకతో ‘చ్చ్’ అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఈ పిల్ల పదిమందికీ వంగి వంగి క్షమాపణలు చెప్పి, ఆ తర్వాతి స్టాపులో దిగి, వానలో ఇద్దరినీ నడిపించుకుంటూ ఇంటికొచ్చింది. ఆ రోజు నుంచీ వీధి చివరి పార్కు దాటి అడుగు పెట్టలేదు.

ఈలోగా మోమొకా బాలవాడిలో తాను ఒంటె నెక్కానని చెప్పేసింది. ఏ రంగని అడిగితే నీలం అంది. తోటిపిల్లలు నవ్వారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది. ఆ ముడుచుకున్న మూతి చూడలేకే చినత్సు ఒప్పుకుంది, అదీ ఒక షరతు మీద.

“వాడు ఏడిస్తే మాత్రం దిగిపోతాను పెద్దమ్మా. ఇంక నన్ను ఎక్కడికీ రమ్మనొద్దు.”

“దిగమ్మా,” అన్నారు ఇకుతా గారు. “పదీ పన్నెండు దాకా మాత్రం ఆగు. ముందే దిగితే నా పుస్తకం పాడవుతుంది.”

శనివారం పది గంటల బస్సెక్కాం. సీట్లన్నీ నిండుగానే ఉన్నాయి. ముందు సీటులో ఇసుక నేలల్లో ఉల్లితోటకు అన్నం పట్టుకెళ్ళే ముసలమ్మ, పక్కన గాలం పెట్టెతో ఒక పెద్దాయన, వెనకాల టెన్నిస్ బ్యాటు పట్టుకున్న అమ్మాయి, ఇంకా పదిమంది. చినత్సు గెంతాను ఒళ్ళో కుదేసుకుని, సంచీ భుజానికే ఉంచుకుని కూర్చుంది. ఏ క్షణాన లేవాల్సొస్తుందోనని.

పదీ పన్నెండయింది. గెంతా హాయిగా కిటికీ అద్దం నాకుతున్నాడు.

పదీ పదమూడు. ఇకుతా గారు వాచీ చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ముందు సీటు ముసలమ్మ వెనక్కి తిరిగి గెంతాను చూసి, తన వాచీ చూసుకుంది. గాలం పెట్టె పెద్దాయనా చూశాడు. ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు. ఏడవకముందే ఇంతమంది చూస్తుంటే ఏడిస్తే ఏం చేస్తారోనని చినత్సు మొహం పాలిపోయింది. నాకూ ఒళ్ళు మండింది. పిల్లాడు అద్దం నాకడం కూడా తప్పేనా అని అడగబోయి ఊరుకున్నాను.

పదీ పదిహేడుకు, వెనకాల టెన్నిస్ అమ్మాయి దిగడానికి బటన్ నొక్కింది. బస్సంతా ఎర్ర దీపాలు వెలిగాయి. ఆ బటన్ తనే నొక్కాలని గెంతా ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచీ మనసులో పెట్టుకున్నాడని ఎవరికి తెలుసు? వాడు ఒక్క క్షణం దీపాల్ని చూశాడు. తర్వాత నోరు తెరిచాడు.

బస్సు ఆగింది. టెన్నిస్ అమ్మాయి దిగింది. చినత్సు లేచి, ఒక చేత్తో గెంతాను, ఇంకో చేత్తో మోమొకాను పట్టుకుని, వంగి, “క్షమించండి, క్షమించండి,” అంటూ తలుపు వైపు నడిచింది. మోమొకా మెడలో పుస్తకం తీసి జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంది.

అప్పుడు ఇకుతా గారు లేచి నిలబడ్డారు. నడుం పూర్తిగా వంచి, బస్సులో అందరికీ చెప్పారు.

“ఏడుపు అయిదు నిమిషాలు ఆలస్యమైంది. ఇంతసేపు ఎదురుచూసినవాళ్ళకు ఇబ్బంది కలిగించాను. క్షమించండి.”

“పదీ పదిహేడు,” అంది ముసలమ్మ. కోటు లోపల్నుంచి దారం లాగింది. దారం చివర పుస్తకం, దాని మీద మడతకుర్చీ లాంటి ఒంటె. పెన్సిలు నాలుకకు తాకించి రాసుకుంది. గాలం పెట్టె పెద్దాయనా తన పుస్తకం తీశాడు. బస్సులో ఎటు చూసినా మడతకుర్చీలే.

చినత్సు తలుపు దగ్గరే కొయ్యబారిపోయింది.

“కూర్చో అమ్మాయీ,” అంది ముసలమ్మ. “మూడు శనివారాల్నుంచీ ఈ పెద్దమనిషి బియ్యం మూట కట్టుకొచ్చి, నెలాఖరు శనివారం ఒక బాబు ఏడుస్తాడు, కాస్త ఓపిక పట్టండని సీటు సీటుకూ వంగి దండం పెట్టాడు. ఇవాళ పదీ పన్నెండు దాటినా ఏడవకపోతే, పిల్లాడికి ఒంట్లో బాగుందో లేదోనని మేమంతా హడలిపోయాం.”

డ్రైవరు మైకులో అడిగాడు. “దిగేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అండీ?”

ఇకుతా గారు పుస్తకంలోకి చూస్తూ కూర్చున్నారు. చెవులు మాత్రం రెండూ తలుపు దగ్గరే ఉన్నాయని నాకు తెలుసు.

“లేరండీ,” అంది చినత్సు. వెనక్కొచ్చి కూర్చుని, భుజాన ఉన్న సంచీ తీసి సీటు కిందికి తోసింది.

“అయితే ఆ బాబును నొక్కమనండి,” అన్నాడు డ్రైవరు. “తర్వాతి స్టాపులో ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ ఉండరు. ఊరికే ఆపుతాను.”

గెంతా రెండు చేతులతో నొక్కాడు. కుళాయి కట్టినట్టు ఏడుపు ఆగింది. ఊదారంగు ఉల్లిపూల మధ్య మనిషన్నవాడు లేని స్టాపులో బస్సు మర్యాదగా ఆగి, తలుపు తెరిచి, మూసి, బయల్దేరింది. ‘ఒక నిమిషం. గెంతా దిగలేదు’ అని రాసుకున్నారు ఇకుతా గారు.

అక్కడితో పుస్తకం పని అయిపోయింది. ఇసుక కొండల దగ్గర ఒక్కటీ అందులో ఉన్నట్టు జరగలేదు. మోమొకా ఒంటె నెక్కింది. అది నీలంగా లేకపోయేసరికి, మొన్న ఎక్కింది వేరే ఒంటె అని తేల్చింది. గెంతా పెద్ద కొండ వైపు కన్నెత్తి చూడలేదు. దాని అడుగునే కూర్చుని గంటసేపు ఇకుతా గారి బూట్లలో ఇసుక పోశాడు. ఆ కొండెక్కి బియ్యం మూడుసార్లు సముద్రం చూసింది గాని గెంతా ఒక్కసారీ చూడలేదు. చినత్సు బేరిపండు ఐస్‌క్రీము తింటూ, వచ్చే నెల పీతల్ని చూడ్డానికి ఏ బస్సు పోతుందని నన్నడిగింది. నేను విననట్టు మళ్ళీ అడిగించుకున్నాను.

ఒట్టికాళ్ళతో ఇసుకలో కూర్చున్న ఇకుతా గారి పక్కన చేరి, అసలీ ఏడుపులు ఎందుకు రాస్తారని అడిగాను. ఇన్నేళ్ళ జిరాక్సులో అడగడం ఇదే మొదలు.

ఆయన బూటు దులుపుకుంటూ చెప్పారు. ఒకసారి యాత్ర నుంచి తిరిగొచ్చిన రోజు ఒక పిల్ల కుందేళ్ళ గూడు వెనక దాక్కుందట. నేను ఏడ్చాను, యాత్ర పాడుచేశాను అంటుంది, బయటికి రాదు. వెతికి చూస్తే ఈయన పిన్నులు కొట్టిన పుస్తకంలో నడక ఉంది, భోజనం ఉంది, పాట ఉంది, ఏడుపు మాత్రం లేదు.

“అచ్చులో ఉంటే అదీ యాత్రలో భాగమే కదా,” అన్నారు. అని, ఆ మాట ఎక్కువైందనుకున్నారేమో, బియ్యం కట్టుకునే గుడ్డ విప్పి లోపల్నుంచి పుస్తకాల కట్ట ఒకటి తీసి నా ఒళ్ళో పడేశారు.

“కజూయే, తిరుగు బస్సు రెండూ ముప్పై అయిదుకు. అందులోవాళ్ళెవరూ నాకు తెలియదు. నువ్వు ముందెళ్ళి వరసలో నిలబడి, అందరికీ తలా ఒకటివ్వు. వంగి ఇవ్వు, నీకు నడుం సరిగ్గా వంగదు. రెండూ నలభై ఎనిమిదికి ఏడుపుందని చెప్పు.”

చినత్సు ఒళ్ళో గెంతా అప్పటికే నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఆ నిద్ర ఊరు చేరేదాకా వదిలేది కాదు.

“ఎవరు ఏడుస్తారని అడిగితే?”

ఇకుతా గారు గెంతా వైపు చూశారు, వాచీ చూసుకున్నారు.

“అచ్చువేసేశాం కదా, ఎవరో ఒకరు ఏడవాలి. నేనని చెప్పు. త్వరగా పో, వరస పెరుగుతోంది.”