బస్సులో వేసిన రెండో బంతి

రెండేళ్ల క్రితం దోహా దగ్గర అల్ ఘర్రాఫాలో మా అమ్మాయి రిసెప్షన్ జరిగింది. “బఫే పెడదాం బావా, అల్లుడి స్నేహితులు వాళ్ల లేబర్ క్యాంప్ బస్సులో త్వరగా వెళ్లిపోవాలి” అని మా బావమరిది సూరి మొత్తుకున్నా, బంతి భోజనమే కావాలని పట్టుబట్టాను.

మొదటి బంతి లేవకముందే బస్సు హారన్ మోగింది. ముప్పై మంది ఆకలితోనే ఎక్కేశారు. నాకు తల కొట్టేసినట్టయింది.

సూరి పులిహోర బకెట్ ఎత్తుకుని, “యల్లా, కానివ్వండి! సీట్లలోనే కూర్చోండి, వడ్డిస్తా!” అంటూ బస్సెక్కాడు.

“నాన్నా, చూస్తావేంటి? గారెలు పట్టుకురా!” అని పెళ్లికూతురు కేకేసింది. మొదటి గారె డ్రైవర్‌కిచ్చి బస్సు ఆపించాం.

తర్వాత వియ్యంకుడు బఫే ఎందుకు పెట్టలేదని అడిగితే, బంతి భోజనం సూరి పట్టుదలేనని చెప్పాను. పక్కనే ఉన్న సూరి నవ్వి ఊరుకున్నాడు.

మొన్న వియ్యంకుడికి నిజం చెప్పేశాను. “తెలుసు బావగారూ, మీ ముఖమే చెప్పింది” అన్నాడాయన. సూరికి మాత్రం అందరి ముందూ ఇలా క్షమాపణ చెప్పుకుంటున్నాను.